ఎలుకల కంట్రోల్ సర్వీస్ రివ్యూ: ఎలుకలను పట్టారు, కన్నం మాత్రం వదిలేశారు

ఇంట్లో ఎలుకల బెడదకి పెస్ట్ కంట్రోల్ వాళ్ల ఏడాది కాంట్రాక్టు తీసుకుందామా వద్దా అని చూస్తున్నవాళ్ల కోసం రాస్తున్నాను. మేం తీసుకున్నాం. ఐదుకి రెండున్నర స్టార్లు ఇస్తాను. మందు పెట్టే పని పద్ధతిగానే చేశారు, వచ్చిన అబ్బాయి మర్యాదగా ఉన్నాడు, చెప్పిన టైముకి వచ్చాడు. కానీ ఎలుక ఇంట్లో తిరగడం వల్ల మనుషులకి ఏ జబ్బులు వస్తాయి, అవి రాకుండా ఏం చేయాలి అన్నది వాళ్ల పనిలో ఎక్కడా కనపడలేదు. నేను డబ్బు కట్టిందే దానికోసం.

మాది విజయవాడ సింగ్ నగర్ వైపు, కింద పోర్షన్. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా ఏరియా మొత్తం నీళ్లలో ఉంది, టీవీలో అందరూ చూసే ఉంటారు. నీళ్లు తీశాక బురద ఎత్తిపోశాం, నానిన పరుపులు పారేశాం, గోడలకి మళ్లీ రంగులు వేయించాం, కానీ కలుగుల్లోంచి, డ్రైనేజీల్లోంచి పైకొచ్చిన ఎలుకలు మాత్రం ఇళ్లల్లోనే ఉండిపోయాయి. రాత్రి అటక మీద పరుగులు, పొద్దున గట్టు మీద పెంటికలు. మా అత్తగారికి షుగర్, పాదాల్లో స్పర్శ సరిగా ఉండదు, చల్లగా ఉంటుందని కిందే చాప వేసుకుని పడుకుంటారు. పాప అప్పుడే పాకుతోంది. అందుకే ఊరూరా బ్రాంచీలున్న ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేశాం.

కంపెనీ సంగతికి వచ్చేముందు నా టెన్షన్ దేనికో చెప్పాలి, లేకపోతే నేను ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థం కాదు. ఎలుక అనగానే మనం బియ్యం బస్తా కొరికింది, పట్టుచీర కొరికింది, వాషింగ్ మెషీన్ వైరు కొరికింది అనే లెక్కలోనే ఆలోచిస్తాం. కొరికిన చోటు కంటికి కనపడుతుంది. ఉచ్చ పోసిన చోటు కనపడదు, అసలు ప్రమాదం అక్కడుంది. లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఎలుక కిడ్నీల్లో ఉంటుంది, ఎలుకకి దానివల్ల జబ్బేమీ చేయదు, మూత్రంలో మాత్రం నెలల తరబడి బయటికి వదులుతూనే ఉంటుంది. ఆ మూత్రం కలిసిన తడి మన కాలి మీది గీతకో, పగిలిన మడమకో, కంటికో తగిలితే చాలు, లోపలికి వెళ్లిపోతుంది. ఎండిపోయిన చోట అది బతకదు, తడి మట్టిలో, నిలవ నీళ్లలో వారాలపాటు బతుకుతుంది. అందుకే వానాకాలంలో, వరదలు తగ్గాక ఈ ఎలుక జ్వరం కేసులు పెరుగుతాయి. 2018 వరదల తర్వాత కేరళలో జరిగింది ఇదే, అక్కడి ఆరోగ్య శాఖ వరద నీళ్లలో దిగినవాళ్లకి, బురద కడిగినవాళ్లకి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ముందే ఇచ్చింది. అలాంటి మాత్ర ఎవరికి వారు మెడికల్ షాపులో కొనుక్కుని వేసుకునేది కాదు, గర్భిణులకి, చిన్నపిల్లలకి మామూలుగా ఇవ్వరు కూడా, డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

అదొక్కటే కాదు. గట్టు మీద, గిన్నెల మీద తిరిగిన ఎలుక వల్ల సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు, దాన్ని మనం బయట తిన్న పానీపూరి మీదకి తోసేస్తాం. ఎలుక ఒంటి మీద గెంతే చిన్న పురుగుల (ఇంగ్లీషులో ఫ్లీ అంటారు) వల్ల ఒక రకం టైఫస్ జ్వరం వస్తుంది, ఇది టైఫాయిడ్ కాదు. పొదల్లో, గడ్డిలో తిరిగే ఎలుకల మీద బతికే నల్లికంటే చిన్న పురుగు పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది, కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, అది చంకలోనో గజ్జల్లోనో ఉంటే మనకి కనపడదు కూడా. ఈ జ్వరం మన ఆంధ్రలో ఏటా ఎక్కడో ఒకచోట వార్తల్లోకి వస్తూనే ఉంది. ఇక 1994లో సూరత్ ప్లేగు నాటి హడావిడి మా నాన్నగారి తరం వాళ్లందరికీ గుర్తే. ప్లేగు రోజుల నుంచీ తెలిసిన ఒక విషయం ఇప్పటికీ పనికొస్తుంది: ఎలుక చచ్చి చల్లబడగానే దాని మీది పురుగులు దిగి వేరే ఒళ్లు వెతుక్కుంటాయి. అంటే చచ్చిన ఎలుకని ఇంట్లో ఒక పూట కూడా వదిలేయకూడదు, ఒట్టి చేత్తో తోక పట్టుకుని విసిరేయకూడదు.

కాటు సంగతి కూడా చెప్తాను, మా అత్తగారి విషయంలో నా భయం అదే. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లని నిద్రలో ఎలుక కొరికినా తెలియదు, పొద్దున లేచాక రక్తం చూసుకుని గానీ గుర్తించరు, ఆ పుండు మానడానికి చాలా రోజులు పడుతుంది. పసిపిల్లల వేళ్ల దగ్గర, మూతి దగ్గర పాల వాసనకి వస్తుంది. కొరికితే వెంటనే సబ్బుతో ధారగా నీళ్ల కింద కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, టీటీ కావాలో లేదో ఆయన చూస్తారు, తర్వాత జ్వరం, కీళ్ల నొప్పులు, దద్దుర్లు వస్తే ఎలుక కొరికిందన్న మాట మళ్లీ గుర్తుచేయాలి. ఎలుక కాటుకి రేబీస్ సూది చాలావరకు అవసరం పడదు, ఆ నిర్ణయం కూడా డాక్టరుకే వదిలేయండి.

ఇప్పుడు సర్వీస్. వచ్చిన అబ్బాయి టార్చి వేసి ఫ్రిజ్ వెనకాల, గ్రైండర్ కింద, అటక మీద చూశాడు. ఫ్రిజ్ కింద, స్టోర్ రూంలో జిగురు అట్టలు పెట్టాడు. బయట గోడ వెంబడి తాళం ఉండే నల్ల డబ్బాలు పెట్టి వాటిలో మందు బిళ్లలు వేశాడు. ఈ డబ్బాల విషయంలో కంపెనీకి పూర్తి మార్కులు. ఆ బిళ్ల బ్రోమాడియోలోన్, 0.005 శాతం ఉంటుంది, తిన్న ఎలుకకి రక్తం గడ్డకట్టదు, కొన్ని రోజులు పట్టి చస్తుంది. వెంటనే చావదు కాబట్టి మిగతా ఎలుకలకి దాని మీద అనుమానం రాదు. ఇదే బిళ్ల కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, కానీ దాన్ని కొట్టువాడు ఇచ్చినట్టే మూలకి విసిరేస్తే పాప చేతికి వస్తుంది, వీధి కుక్క తింటుంది. తాళం డబ్బాలో ఉంటే ఆ భయం లేదు. ఒకవేళ పిల్లలెవరైనా తిన్నా విటమిన్ కే1 అనే విరుగుడు ఉంది, రేపర్ తీసుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి, చూడటానికి బాగానే ఉన్నారని ఇంట్లో కూర్చోకూడదు, ఎందుకంటే రక్తస్రావం రోజులు గడిచాక మొదలవుతుంది.

కొట్లో దొరికే ఇంకోటుంది, ట్యూబులోనో డబ్బాలోనో వచ్చే పేస్టు. అందులో పసుపు భాస్వరం 3 శాతం ఉంటుంది. దయచేసి దాన్ని ఇంట్లోకి తేవద్దు. దానికి విరుగుడు లేదు. తిన్నవాళ్లకి మొదట వాంతులు అవుతాయి, తర్వాత ఒకటి రెండు రోజులు బాగైపోయినట్టు ఉంటుంది, ఇంటికి తీసుకొచ్చేస్తారు, ఆ తర్వాత లివర్ పాడైపోతుంది. రొట్టె ముక్కకి రాసి పెట్టిన ఈ పేస్టు తెలియక తిని పోయిన పిల్లలున్నారు, కోపంలో మింగినవాళ్లున్నారు. తమిళనాడు ప్రభుత్వం దీని అమ్మకం మీద నిషేధం కూడా పెట్టింది. ఎలుక జ్వరం తప్పించుకోవడానికి ఇంట్లోకి అంతకంటే పెద్ద ప్రమాదాన్ని తెచ్చిపెట్టుకోవడం ఎందుకు? మేం పిలిచిన కంపెనీ దీన్ని వాడలేదు, ఆ మాట చెప్పాలి.

జిగురు అట్టల దగ్గరే నాకు మొదటి అసంతృప్తి. అట్టకి అంటుకున్న ఎలుక వెంటనే చావదు. గంటల తరబడి గింజుకుంటుంది, అరుస్తుంది, భయంతో ఉచ్చ పోస్తుంది, పెంటికలు వేస్తుంది. ఏ మూత్రానికి భయపడి మనం ఇదంతా చేస్తున్నామో అది ఫ్రిజ్ కింద చేరుతుంది. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఈ కారణంతోనే జిగురు అట్టలు వద్దంటుంది. మన జంతు సంక్షేమ బోర్డు కూడా వీటిని ఆపమని రాష్ట్రాలకి ఎప్పుడో రాసింది. అయినా కంపెనీ కిట్‌లో మొదట బయటికి వచ్చేది అదే, చవక కదా. "తీసేయడానికి ఎవరొస్తారు తమ్ముడూ?" అని అడిగితే "కస్టమరే తీసేసుకోవాలక్కా, మాకు మళ్లీ మూడు నెలలకే విజిట్" అన్నాడు. బతికున్న ఎలుక అంటుకున్న అట్టని ఎలా తీయాలి, గ్లౌజులు వేసుకోవాలా, ఎక్కడ పారేయాలి, ఒక్క ముక్క కాగితం మీద కూడా రాసి ఇవ్వలేదు. తప్పు ఆ అబ్బాయిది కాదు, అతనికి ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

పాత ఇనుప బోను సంగతి కొందరు అడుగుతారు. ఎండుకొబ్బరి ముక్కో, బజ్జీ ముక్కో పెడితే పడుతుంది, నిజమే. కానీ ప్రాణంతో పడ్డ ఎలుక బోనంతా తడిపేస్తుంది, దాన్ని వంటింటి సింకులో కడిగేవాళ్లని చూశాను, అది మాత్రం వద్దు. కాలవ గట్టున వదిలేసి వస్తే పక్క వీధి వాళ్లకి పంపినట్టే. జబ్బుల లెక్కలో చూస్తే చెక్క మీద స్ప్రింగు ఉండే పాత రకం ఉచ్చే నయం, టక్కున చస్తుంది, ముట్టుకోవాల్సిన పని తక్కువ. ఎలుక గోడ అంచునే నడుస్తుంది కాబట్టి ఎర ఉన్న వైపు గోడకి ఆనించి అడ్డంగా పెట్టాలి. కొత్త వస్తువంటే ఎలుకకి అనుమానం, మొదట్లో ఉచ్చు బిగించకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. పాకే పిల్లలుంటే నేల మీద అస్సలు వద్దు, అటక మీద మాత్రమే. ప్లగ్గులో పెడితే చెవికి వినపడని శబ్దంతో ఎలుకల్ని తరిమేస్తుందని అమ్మే మెషీను గురించి ఒక్క మాట చాలు: అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లోనే అరవైకి పైగా కంపెనీలకి, మీ మాటకి శాస్త్రీయ ఆధారం ఉండాలని హెచ్చరిక లేఖలు పంపింది. ఆ డబ్బు సిమెంటుకి పెట్టండి.

సిమెంటు అని ఎందుకన్నానంటే, ఆ కంపెనీ మా ఇంటికి చేయని పని అదే. ఏసీ పైపు గోడలోంచి బయటికి వెళ్లే చోట చుట్టూ వేలు పట్టే సందు ఉంది. సింకు కింద పైపు నేలలోకి దిగే చోట కన్నం. బాత్రూం నీళ్లు పోయే చోట జాలీ విరిగింది. వెనక తలుపు కింద సందు. ఆ అబ్బాయి చూశాడు, నాకు చూపించాడు కూడా, "అది మా సర్వీసులో రాదక్కా, సివిల్ వర్క్" అన్నాడు. చిట్టెలుక దూరడానికి పెన్సిలంత సందు చాలు, అంటే పావు అంగుళం. పెద్ద ఎలుక అర అంగుళంలోంచి దూరగలదు. ఇంటి ఎలుక చూలు కట్టిన మూడు వారాలకే పిల్లల్ని పెడుతుంది, ఒక్క ఈతలో ఆరో ఏడో. కన్నం తెరిచి ఉంచి మూడు నెలలకోసారి మందు పెడితే వీధిలో ఎలుకలన్నీ వంతులవారీగా మా ఇంటికి రావడమే అవుతుంది. నిజంగా అలాగే జరిగింది, ఒక నెల ప్రశాంతంగా ఉండి మళ్లీ పరుగులు మొదలయ్యాయి. పైగా మందు తిన్నది ఒకటి అటక మీద సామాన్ల వెనకాల చచ్చి వాసన కొట్టింది, ఫోన్ చేస్తే టికెట్ నంబరు ఇచ్చారు, మనిషి రాలేదు.

చివరికి మా వీధిలో ఉండే మేస్త్రీని పిలిచాం. ఆయన గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి పైన సిమెంటు మెత్తాడు. ఒట్టి సిమెంటు పచ్చిగా ఉండగానే ఎలుక తోడేస్తుంది, పీచు ఉంటే పళ్లకి తగిలి ఆగిపోతుంది. పూర్వం పెద్దవాళ్లు గాజు పెంకులు కలిపి పూడ్చేవారు, అదీ ఇందుకే. కిటికీలకి, గాలి కన్నాలకి పావు అంగుళం కళ్లున్న ఇనుప జాలీ కొట్టాడు. ప్లాస్టిక్ దోమల తెర పనికిరాదు, దాన్ని ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. తలుపు కింద రేకు బిగించాడు, బాత్రూంకి స్టీలు జాలీ పెట్టాడు. కూలీ, సామాను కలిపి కంపెనీ ఏడాది ఫీజులో సగం కూడా కాలేదు. మా అత్తగారికి వినాయకుడి వాహనాన్ని చంపడం ఇష్టం ఉండదు, ఈ పని మాత్రం దగ్గరుండి చేయించారు.

ఒక సంగతి. మేస్త్రీ పని చేస్తుండగా గోడ వెంట మూతి పొడుగ్గా, కంపు కొడుతూ కిచకిచమంటూ వెళ్లింది చుంచు. అది ఎలుక జాతే కాదు, ధాన్యం జోలికి రాదు, బొద్దింకల్ని తింటుంది. దాన్ని చూసి ఎలుకలు మళ్లీ వచ్చాయని మందు పెట్టేయొద్దు.

శుభ్రం చేయడం గురించి కంపెనీ ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు అన్నిటికంటే బాధగా ఉంది, ఎందుకంటే ఎక్కువమంది దగ్గర జరిగే పొరపాటు ఇక్కడే. పెంటికలు కనపడగానే చీపురు తీసి ఊడ్చేస్తాం. ఊడిస్తే ఎండిన పెంటికల దుమ్ము గాల్లోకి లేచి ముక్కులోకి వెళ్తుంది. అమెరికాలో హంటా వైరస్ ఇలాగే సోకుతుంది, అక్కడి డీర్ మౌస్ అనే అడవి ఎలుక నుంచి. 2012లో యోసెమిటీ పార్కులో గుడారాల్లో బస చేసినవాళ్లలో 10 మందికి సోకి ముగ్గురు చనిపోయారు. అక్కడున్న మన పిల్లలు సెలవుల్లో కొండ ప్రాంతాల్లో క్యాబిన్లు తీసుకుంటారు, చాలాకాలం మూసి ఉంచిన గది అయితే తలుపులు, కిటికీలు అరగంట తెరిచి బయట నిలబడమని చెప్పండి. మన ఇంటి అటకకీ అదే పద్ధతి. ముక్కుకి మాస్కు, చేతికి రబ్బరు గ్లౌజులు. లిక్విడ్ బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద, మరకల మీద బాగా తడిసేలా పోసి ఐదు నిమిషాలు ఆగాలి. తర్వాత పాత కాగితంతోనో గుడ్డతోనో ఎత్తి కవర్లో వేసి మూతి కట్టి పారేయాలి, ఆ తర్వాతే నేల తుడవాలి. గ్లౌజులు తీయకముందే కడిగి, తీశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చచ్చిన ఎలుకకీ ఇంతే, ముందు తడపాలి, రెండు కవర్లు వేయాలి. బ్లీచ్‌లో బాత్రూం యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. పని మనిషి ఉంటే ఈ గ్లౌజులు, మాస్కు ఆమెకి మీరే కొనివ్వాలి. చాలా ఇళ్లల్లో అటక ఊడ్చేది ఆమే, ఒట్టి కాళ్లతో డ్రైనేజీ దగ్గర గిన్నెలు తోమేది కూడా ఆమే.

పప్పులూ బియ్యం మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాల్లోకి మార్చాం. కొరికిన జాడ ఉన్న సరుకు చెరిగి వాడుకునే అలవాటు మానేశాం, మినపప్పు ఖరీదే, అయినా పారేశాం.

ఇక జ్వరం వస్తే ఏం చేయాలో. ఇంట్లో ఎలుకలున్నాయి, లేదా వాన నీళ్లలో దిగారు, ఆ తర్వాత నెల లోపు ఉన్నట్టుండి చలితో జ్వరం, విపరీతమైన ఒళ్లు నొప్పులు, ముఖ్యంగా పిక్కలు పట్టుకుంటే భరించలేని నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టరుకి "మా ఇంట్లో ఎలుకలున్నాయండీ" అని నోరు తెరిచి చెప్పండి. నామోషీ పడొద్దు. మనం చెప్పకపోతే వాళ్లు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ పరీక్షలు రాసి ఊరుకునే అవకాశం ఉంది. ఎలుక జ్వరానికి చేసే లెప్టో రక్త పరీక్ష మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు, యాంటీబాడీలు తయారవడానికి టైము పడుతుంది, అందుకే అనుమానం ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. మొదట్లో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందుకే తగ్గుతుంది. కళ్లు పచ్చబడి, మూత్రం తగ్గిందంటే కిడ్నీలు, లివర్ దెబ్బతింటున్నాయని, అప్పుడు ఇంటి దగ్గర ఒక్క గంట కూడా ఆగొద్దు.

మొన్న కాంట్రాక్టు రెన్యూవల్‌కి కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది, డిస్కౌంట్ ఇస్తామన్నారు. డిస్కౌంట్ వద్దన్నాను. జిగురు అట్టలు లేకుండా, కన్నాలు మూసే పని కలిపి, చచ్చిన ఎలుకని మరుసటి రోజుకల్లా వాళ్లే తీసేలా, తడిపి శుభ్రం చేసే పద్ధతి తెలుగులో అచ్చేసి ఇచ్చేలా ఎస్టిమేట్ రాసి పంపమన్నాను. పైవాళ్లని అడిగి చెప్తామన్నారు. రాసి పంపితే పూర్తి ఫీజు కడతాను, ఈ రేటింగ్ కూడా మారుస్తాను. అప్పటిదాకా బయటి నల్ల డబ్బాలు, మేస్త్రీ పెట్టిన సిమెంటు, ఈ రెండే మా ఇంటికి కాపలా.